స్పాంజి తూటాలు

పనసగరువు,
జి.మాడుగుల మండలం.
18 జనవరి 2004

గౌరవనీయులైన ఎలీయేజరు అన్నయ్య గారికి,

మీరు ఇంకా బస్టాండు వెనక పాత ఇంట్లోనే ఉంటున్నారో లేదో తెలియదు. ఉంటే ఈ ఉత్తరం చేరుతుంది. నేను ఇక్కడే, అదే బడిలో ఉన్నాను. ఇది పంతొమ్మిదో ఏడు.

ఒక చిన్న సాయం అడగడానికి రాస్తున్నాను. క్రిస్మస్‌కి విదేశీ సంఘం వాళ్ళు పంపిన బహుమతుల పెట్టె ఒకటి పాస్టరుగారి ద్వారా మా బడికి వచ్చింది. కార్లు, బొచ్చు ఎలుగుబంట్లు, రంగు పెన్సిళ్ళు పిల్లలు పంచుకున్నారు. ఒక బొమ్మ తుపాకీ మిగిలిపోయింది. ప్లాస్టిక్‌ది, పసుపూ నీలం రంగు, మూరెడు పొడుగుంటుంది. వెనక ఒక కడ్డీ ఉంది. దాన్ని లాగితే లోపల టక్కుమని పట్టుకుంటుంది. ముందు గొట్టంలో స్పాంజి తూటా పెట్టాలి. చిటికెనవేలంత ఉంటుంది, కొసన మెత్తటి రబ్బరు. మీట నొక్కితే తూటా వస్తుంది గానీ, నా అడుగులతో కొలిస్తే ఆరడుగులు పోయి అలిసిపోయినట్టు కింద పడుతుంది.

పిల్లలు అది దూరం పోవాలంటున్నారు. నలభై ఏళ్ళుగా పంపుస్టవ్వులు బాగుచేస్తున్నారు మీరు. గాలితో పనిచేసే వస్తువు గురించి నాకు తెలిసినవాళ్ళలో ఇంకెవరిని అడగాలో తోచలేదు.

వేరే సంగతులు రాయడానికి ఈ ఉత్తరం కాదు. తుపాకీ గురించి ఏమైనా తెలిస్తే రాయగలరు.

సుజానా


భీమునిపట్నం,
30 జనవరి

సుజానకి,

ఉత్తరం అందింది. పాత ఇల్లే. షాపులో పని ఎక్కువగా ఉండి జవాబు ఆలస్యమైంది. నన్ను మీరు అని రాశావు. సరే, నీ ఇష్టం.

వస్తువు చూడకుండా చెప్పడం కష్టం. ముందు ఒక పని చెయ్యి. కడ్డీ లాగి, తూటా పెట్టి, అది బయటికి రాకుండా బొటనవేలితో గొట్టం మూతి గట్టిగా అదిమి పట్టుకుని మీట నొక్కు. కడ్డీ నెమ్మదిగా లోపలికి దిగితే గాలి లోపలే ఉందన్నమాట. టప్పుమని దిగిపోతే ఎక్కడో లీకు ఉంది. అందులో ఉన్నది మన స్టవ్వు పంపులాంటిదే అయ్యుంటుంది.

తర్వాత మరలు విప్పు. విప్పిన మర ఏ చోటిదో ఆ చోటే కాగితం మీద పెట్టు, కలిపెయ్యకు. లోపల స్ప్రింగు ఉంటుంది, మీదికి ఎగురుతుంది. తువ్వాలు కప్పి తెరువు. కళ్ళు జాగ్రత్త.

ఏముందో చూసి రాయి.

ఎలీయేజరు


పనసగరువు,
12 ఫిబ్రవరి

అన్నయ్య గారికి,

మీరు చెప్పినట్టే చేశాను. టప్పుమని దిగిపోయింది. లీకే.

మొత్తం ఏడు మరలు. సుక్రు దగ్గర స్క్రూడ్రైవరు తెచ్చి, వరండాలో చాప వేసుకుని విప్పాను. సుక్రు మా పక్కింటి ముసలాయన, పశువుల్ని తోలుకెళ్తాడు. తువ్వాలు కప్పమన్నారు కదా, కప్పాను. ఏడో మర దగ్గర తువ్వాలు తీసి చూద్దామనిపించింది. స్ప్రింగు ఎగిరి వెళ్ళి సోములమ్మ చెరుగుతున్న చోళ్ళ చేటలో పడింది. సోములమ్మ మధ్యాహ్నం పిల్లలకి వండే మనిషి. ఆవిడ స్ప్రింగు తీసి తెచ్చి ఇచ్చి, నా ముందున్న ముక్కలన్నీ చూసి, "ఏటి టీచరమ్మా, తుపాకీకి ఆపరేసను సేత్తన్నావా? బతుకుద్దా ఇది?" అంది.

లోపల ఒక గొట్టం ఉంది. దానిలో పైకీ కిందకీ తిరిగే ప్లాస్టిక్ బిరడా, బిరడా చుట్టూ సన్నటి నల్ల రబ్బరు రింగు. ఆ రింగు గొట్టానికి తగలడం లేదు, పక్కన గడ్డిపోచ దూరేంత సందుంది. తూటా పెట్టే చోట అడుగున ఇంకోటి ఉంది, మూడు కాళ్ళ ప్లాస్టిక్ ముక్క, దానికీ ఒక చిట్టి స్ప్రింగు. అదెందుకో నాకు అర్థం కాలేదు.

ఇక్కడ పొద్దున్న పదింటిదాకా మంచు విడవడం లేదు. మీకు అక్కడ ఎలా ఉందో.

సుజానా


భీమునిపట్నం,
22 ఫిబ్రవరి

సుజానా,

బాగా చూశావు. ఇంత వివరంగా చెప్పిన గిరాకీ నాకు ఎప్పుడూ తగల్లేదు. స్టవ్వు తెచ్చి బల్లమీద పడేసి "మండట్లేదు" అనేవాళ్ళే అందరూ.

రింగు వదులు. ఈ కవర్లో తెల్లటి టేపు పెడుతున్నాను, కుళాయిల వాళ్ళు మరలకి చుట్టేది. రింగు తీసి, అది కూర్చునే గాడిలో ఈ టేపు రెండు చుట్లు చుట్టి, మీద రింగు ఎక్కించు. బిరడా గొట్టంలో వేలితో తోస్తే కొంచెం బరువుగా వెళ్ళాలి. మరీ బిగుసుకుంటే ఒక చుట్టు తగ్గించు. తర్వాత ఆముదం ఒక్క చుక్క. కిరసనాయిలు ముట్టించకు, రబ్బరు ఉబ్బిపోతుంది.

మూడు కాళ్ళ ముక్క సంగతి. అది గాలికి కాపలా. తూటా పెడితేనే గాలికి దారి ఇస్తుంది, లేకపోతే మూసేస్తుంది. అయితే ఇచ్చే దారి కూడా ఇరుకే. తీసెయ్యి. తీశాక మాత్రం తూటా లేకుండా ఎప్పుడూ కాల్చకు. ఎదురు గాలి లేక బిరడా పోయి గొట్టం మూతికి గుద్దుకుంటుంది, పగులుతుంది. పిల్లలకి ముందే చెప్పు. మొహం మీదికి ఎవరూ గురిపెట్టకూడదని కూడా చెప్పు.

బొమ్మ గీశాను. గీతలు వంకరగా ఉన్నాయి, పెన్ను బాగాలేదు.

నీకు ఏడేళ్ళప్పుడు తోలు వాషర్లు నూనెలో నానబెట్టే పని నీదే. వేళ్ళు నాకేదానివి. అమ్మ తిట్టేది. ఎందుకో ఇవాళ గుర్తొచ్చింది.

అన్నయ్య


పనసగరువు,
8 మార్చి

అన్నయ్యా,

పద్నాలుగు అడుగులు! వరండా ఈ చివర నించి ఆ చివర గోడకి కొట్టుకుని ఎగిరింది. చప్పుడు కూడా మారిపోయింది. ఇదివరకు తుస్సుమనేది, ఇప్పుడు టప్ అంటోంది. నువ్వు పక్కన ఉంటే బాగుండేదనిపించింది. మీరు అని రాయడం నాకూ చేతకావడం లేదు, మానేస్తున్నాను.

ఒక మాట ఒప్పుకోవాలి. తుపాకీ దూరం పోవాలని పిల్లలెవరూ అడగలేదు. అసలు బడిలో పిల్లలు నలుగురే ఉన్నారు. రెండేళ్ళ క్రితం ముప్పై మంది ఉండేవారు. ఒక్కొక్కళ్ళే ఆశ్రమ పాఠశాల హాస్టల్లో చేరిపోయారు. అక్కడ మూడు పూటలా తిండి, పక్కబట్టలు, ఆరుగురు మాస్టర్లు. నేనైనా అక్కడికే పంపిస్తాను. జూన్‌లో ఈ బడి మూసేస్తారని అంటున్నారు.

మూడున్నరకి గాసీ, కనకా, ఆ మిగిలిన ఇద్దరూ వెళ్ళిపోతారు. సోములమ్మ గిన్నెలు కడుక్కుని వెళ్ళిపోతుంది. అప్పటినించి చీకటి పడేదాకా నేనే. నల్లబల్ల మీద సున్నా గీసుకుని, ఆ చివర నించుని కాలుస్తాను. తూటాలు నాలుగు. కాల్చడం, వెళ్ళి ఏరుకోవడం, మళ్ళీ వెనక్కి రావడం. నలభై ఏడేళ్ళ ఆడదాన్ని. మొన్న సుక్రు పశువుల్ని తోలుకుని పోతూ ఆగి, "బోర్డు ఏటి తప్పు సేసిందమ్మా, రోజూ కాలుత్తన్నావు?" అన్నాడు. నవ్వాను గానీ లోపలికి వచ్చాక ఏడుపొచ్చింది.

ఇంకా దూరం పోవాలంటే గట్టి స్ప్రింగు కావాలా? నీ దగ్గర ఉంటే పంపు.

సుజానా


భీమునిపట్నం,
19 మార్చి

చెల్లీ,

పద్నాలుగు అని చదివి, పక్కింటి సర్వేశ్వరరావుకి కూడా చెప్పాను. ఆయనకి ఏం అర్థమైందో తెలియదు, మంచిది మంచిది అన్నాడు.

నువ్వు ఎవరికోసం కాలిస్తే ఏం. ఆరునించి పద్నాలుగు రావడమంటే మాటలు కాదు.

స్ప్రింగు పంపుతున్నాను. పాత సామాను డబ్బాలో దొరికింది, మంచి ఉక్కు. నీ దాని లావే ఉంటుందనుకుంటున్నాను, బలం రెండింతలు. అదే చోట అలాగే వెయ్యి. ఇరవై దాటుతుంది. ఏమీ కాదు, ధైర్యంగా వెయ్యి.

షాపులో మామూలే. ఎండలు మొదలయ్యాయి.

అన్నయ్య


పనసగరువు,
2 ఏప్రిల్

అన్నయ్యా,

తుపాకీ విరిగిపోయింది.

నీ స్ప్రింగు వేశాను. కడ్డీ లాగడానికే రెండు చేతులూ, మోకాలూ కావలసివచ్చాయి. మొదటిసారి పందొమ్మిది అడుగులు పోయింది. రెండోసారి లాగి పట్టుకోగానే లోపల ఫెళ్ళుమంది. విప్పి చూస్తే, కడ్డీని పట్టి ఆపే బద్ద, ప్లాస్టిక్‌ది, రెండు ముక్కలై ఉంది. ఇప్పుడు లాగినా ఆగదు.

ఏమీ కాదు, వెయ్యి అన్నావు. ఆ బద్ద ఎంత సన్నంగా ఉందో నన్ను అడిగావా? ఎంత బరువు ఓపుతుందో నేను చూసి చెప్పేదాన్ని కదా. నువ్వు అడగవు. ఎప్పుడూ అంతే. ఎవరు ఎంత ఓర్చుకోగలరో అన్నీ నువ్వొక్కడివే తేల్చేసుకుంటావు. అమ్మని నా దగ్గరికి పంపమంటే, కొండ మీద ఓర్చుకోలేదని నువ్వే తేల్చావు. నేను అమ్మని చూడకపోయినా ఓర్చుకుంటానని కూడా నువ్వే తేల్చావు.

అమ్మ పోయిన పదహారో రోజున నాకు ఉత్తరం వచ్చింది. అప్పుడు నేను పిల్లలకి ఎక్కాలు చెప్తున్నాను. చదివి, మడిచి, ఏడో ఎక్కం పూర్తిచేశాను. ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలియలేదు. సమాధి మీద మట్టి కూడా ఆరిపోయి ఉంటుంది, ఇక వెళ్ళి ఏం చెయ్యను? టెలిగ్రాం అందేసరికి రెండు రోజులు పడుతుంది, అందుకే ఇవ్వలేదని రాశావు. అందేదో అందదో, ఇచ్చి చూడాలి కదా. ఎనిమిదేళ్ళుగా ఈ మాట అడగాలని ఉంది. బొమ్మ తుపాకీ విరిగితే గానీ నోరు రాలేదు.

ఇంత రాశాక నా తప్పు దాచడం న్యాయం కాదు. రూతు వదిన పోయినప్పుడు నువ్వు ఇచ్చిన టెలిగ్రాం నాకు వేళకి అందలేదని నువ్వు అనుకుని ఉంటావు. అందింది. సమాధికి ముందురోజే అందింది. బస్సుకి టైముంది. సంచీ పట్టుకుని నడిచి, జీపులో జి.మాడుగుల దాకా వెళ్ళాను కూడా. బస్సు వచ్చింది, ఆగింది, కండక్టరు "బేగి ఎక్కండమ్మా" అన్నాడు. ఎక్కలేదు. నీకూ తెలియాలి అనుకున్నాను. వదిన నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు. నీ మీది కోపం ఆవిడ మీద తీర్చుకున్నాను.

సుజానా


భీమునిపట్నం,
14 ఏప్రిల్

చెల్లీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. స్ప్రింగు సంగతి నువ్వన్నది నిజం. ఆ బద్ద దేంతో చేశారని నేను అడగలేదు. ఎంత దూరం పోతుందనే చూశాను.

అమ్మ గురించి. టెలిగ్రాం నీకు అందేసరికి రెండు రోజులు పడుతుంది, ఎండలు, అంతవరకు ఉంచలేము అని ఊళ్ళో అందరికీ చెప్పాను. నీకూ అదే రాశాను. అది అబద్ధం కాదు. కానీ జరిగింది అది కాదు.

ఆ రోజు పొద్దున్న అమ్మ షాపు ముందు బల్ల మీద కూర్చుని ఉంది. "పెద్దోడా, కాసిని మంచినీళ్ళియ్యి" అంది. గ్లాసు తెచ్చేసరికి గోడకి ఒరిగిపోయింది. డాక్టరు వచ్చి చెయ్యి పట్టుకుని చూసి వెళ్ళిపోయాడు. పదింటికి నేను పోస్టాఫీసుకి వెళ్ళాను. ఫారం తీసుకుని నీ పేరు, ఊరు రాసి, అమ్మ పోయింది వెంటనే రా అని రాశాను. వరసలో నాముందు ఒక్కడే ఉన్నాడు. అతను వెళ్ళిపోయాడు. కౌంటరు అబ్బాయి చెయ్యి చాపాడు. నేను ఫారం మడిచి జేబులో పెట్టుకుని బయటికి వచ్చేశాను.

నువ్వు కోపం అనుకున్నావు. కోపం కాదు, భయం. నువ్వు వచ్చి, అమ్మని నా దగ్గరికి ఎందుకు పంపలేదని పదిమందిలో అడుగుతావని.

నీకు తెలియనిది ఒకటి చెప్తాను. ఎండాకాలం అమ్మని తీసుకెళ్తానని నువ్వు రాసినప్పటినించీ, ప్రతి ఆదివారం చర్చినించి రాగానే అమ్మ సంచీ సర్దుకునేది. రెండు చీరలు, బైబిలు, కళ్ళజోడు డబ్బా, నీకని చింతపండు పొట్లం. "సుజాన కాడికి ఎల్తాన్రా. నెల్లాళ్ళుండి బేగి వచ్చేత్తాను" అనేది. సోమవారం పొద్దున్న ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు నేను ఆ సంచీ విప్పేసి, చీరలు పెట్టెలో పెట్టేసేవాణ్ణి. అమ్మ వచ్చి చూసేది. మళ్ళీ ఆదివారం సర్దుకునేది. ఏడు వారాలు ఇలా జరిగింది. ఎనిమిదో ఆదివారం రాకుండానే పోయింది.

కొండజ్వరం పట్టుకుంటుందని నీకు వంక చెప్పాను. అసలు సంగతి, అమ్మ లేకపోతే పొద్దస్తమానం ఆ షాపులో నాతో మాట్లాడే మనిషి లేదు. రూతు మంచిదే, కానీ మాటకారి కాదు. ఇంతే. ఇంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు.

రూతుని సమాధి చేసేరోజు పాస్టరుగారిని బతిమాలి, మధ్యాహ్నం బస్సు వచ్చేదాకా ఆపాను. బస్సులోంచి నువ్వు దిగలేదు. ఒకదానికొకటి చెల్లు అని నేను అనను. నేను చేసింది పెద్దది.

షాపు మూసేసి రెండేళ్ళయింది. అందరిళ్ళకీ గ్యాసు వచ్చేసింది, స్టవ్వు తెచ్చేవాళ్ళు లేరు. తెచ్చినా నా చేత కాదు. కుడిచెయ్యి వణుకుతోంది. జబ్బుకేదో పేరు చెప్పారు, తగ్గేది కాదన్నారు. ఆ బొమ్మలో గీతలు వంకరగా వచ్చింది పెన్ను వల్ల కాదు. ఈ ఉత్తరం నాలుగు రోజులు రాశాను. నీ తుపాకీ గురించి ఆలోచిస్తూ ఉంటే ఈ మూడు నెలలూ పొద్దున్న లేవడానికి ఒక పని ఉన్నట్టుండేది.

అన్నయ్య


పనసగరువు,
22 ఏప్రిల్

అన్నయ్యా,

చదివాను. క్షమించానని ఉత్తరంలో రాయలేను. రాస్తే అది అబద్ధమవుతుంది. నీ మీద గట్టిగా అరవాలని ఉంది. కాగితం మీద అరిస్తే నీకు వినపడదు.

రేపటినించి బడికి సెలవులు. నువ్వు రా. పాడేరు దాకా బస్సు, అక్కడినించి జి.మాడుగుల, ఆ తర్వాత జీపు. జీపు దిగాక మూడు కిలోమీటర్లు నడక. ఏ రోజు వస్తావో రాస్తే సుక్రుని రోడ్డు దగ్గరికి పంపుతాను. వచ్చి, నా ఎదురుగా కూర్చుని తిట్లు తిను.

సుజానా


పనసగరువు,
16 మే

అన్నయ్యా,

జీపు నిన్ను క్షేమంగా దింపిందా? కార్డు ముక్క రాయి.

నువ్వున్న ఆరు రోజుల గురించి నీకే రాయడం వింతగా ఉంది. అయినా రాసుకోవాలనిపిస్తోంది. అరుస్తానన్నాను కదా, వచ్చిన సాయంత్రమే అరిచాను. అంత గొంతు నాకుందని నాకే తెలియదు. నువ్వు గోడకి చేరగిలబడి, "అను. ఇంకా ఉంటే అను" అంటూ కూర్చున్నావు. సోములమ్మ పరుగెత్తుకొచ్చి, "ఏటమ్మా, సుట్టాన్ని పట్టుకుని అలగ అరుత్తన్నావు? ఊరంతా ఇంటంది!" అంది. నువ్వు ఆవిడతో, "అరవనీ అమ్మా. ఎనిమిదేళ్ళ బాకీ" అన్నావు. అప్పుడు నాకు నవ్వొచ్చింది, అదే కాసేపటికి ఏడుపయింది. నువ్వు మాత్రం ఏడవలేదు. మర్నాడు గెడ్డ దగ్గరికి నీళ్ళకి వెళ్ళి ఎంతకీ రాకపోతే చూడ్డానికి వచ్చాను. రాయి మీద కూర్చుని ఏడుస్తున్నావు. నేను కనపడకుండా వెనక్కి వచ్చేశాను. ఇప్పుడు చెప్తున్నాను.

విరిగిన బద్ద చోట గొడుగు ఊచ ముక్క పెడదామన్నది నీ ఆలోచన. నువ్వు చెప్తుంటే నేను చేశాను. "అక్కడ కాదు, ఇంకాస్త కింద. వంచు. మరీ వంచకు. ఆకురాయితో ఒక్కసారి గీకు." మూడుసార్లు తప్పు చేశాను, ఒక్కసారీ విసుక్కోలేదు. చిన్నప్పుడు చెవి మెలిపెట్టేవాడివి. ఉక్కు స్ప్రింగు నువ్వే తీసేయించావు. పాతదే ఉంచి, వెనక రెండు రేకు బిళ్ళలు పెట్టి కాస్త నొక్కి కూర్చోబెడితే చాలన్నావు. దీనికి ఇంతే బలం, ఇంతకన్నా అడక్కూడదన్నావు.

నువ్వు కాల్చు అని నీ చేతికిచ్చాను. తూటా గొట్టంలోకి ఎక్కించబోయావు. చెయ్యి ఆగలేదు. రెండుసార్లు కింద పడింది. నేను అటు తిరిగి సోములమ్మతో ఏదో మాట్లాడుతున్నట్టు నటించాను. తర్వాత నేనే తూటా పెట్టి ఇచ్చాను. నువ్వు రెండు చేతులతో పట్టుకుని మీట నొక్కావు. అది వరండా దాటి, కంచె దాటి, సుక్రు ఆవుల మధ్య పడింది. పదిహేడు. సుక్రు దాన్ని తీసి అటూ ఇటూ తిప్పి చూసి, "మెత్తగుందే. దీనికి ఏటి సస్తాది?" అన్నాడు. "ఏదీ చావదు బాబూ, పొద్దు పోద్ది" అన్నావు నువ్వు.

నీ కాలు కాస్త ఈడుస్తోందని, నువ్వు లోపలికి వస్తున్నప్పుడల్లా "గడప జాగ్రత్త" అనడం అలవాటైపోయింది. నిన్న సాయంత్రం ఎవరూ లేని గుమ్మం వైపు చూసి అదే మాట అన్నాను. అని, ఆ గుమ్మం దగ్గరే చాలాసేపు నించున్నాను. ఇదివరకు ఒక్కదాన్నే ఉన్నా ఇలా ఉండేది కాదు.

జూన్‌లో నన్ను గరికబంద బడికి మారుస్తున్నారు. అక్కడ అరవై మంది పిల్లలు. ఇల్లు రెండు గదులు, రోడ్డు పక్కనే, ఎక్కడికీ నడవక్కర్లేదు. నువ్వు వచ్చి నా దగ్గర ఉండిపో. అమ్మని పంపమని అడిగినప్పుడు కోపంగా రాశాను. ఈసారి కోపం లేకుండా అడుగుతున్నాను.

సుజానా


భీమునిపట్నం,
3 జూన్

చెల్లీ,

క్షేమంగానే చేరాను. గెడ్డ దగ్గర నువ్వు వచ్చింది నేను చూశాను. నీళ్ళలో నీ నీడ కనపడింది. పిలవకుండా వెళ్ళిపోయినందుకు నీకు రుణపడి ఉన్నాను.

నువ్వడిగినదానికి వారం రోజులు జవాబు వెతికాను. రాలేను. మీ కొండ నాకు నచ్చలేదని కాదు. పొద్దున్న మంచులో నీ వరండాలో కూర్చుంటే చెయ్యి కూడా తక్కువ వణికినట్టు అనిపించింది. ఆ ఆరు రోజులూ ఏ మూల కూర్చున్నా, ఇక్కడ అమ్మ కూర్చోవలసింది అనిపిస్తూనే ఉంది. చోళ్ళ అంబలి గ్లాసు నువ్వు చేతికిస్తే, ఇది ఆవిడ తాగవలసింది అనిపించింది. ఆవిణ్ణి రానివ్వని చోటికి వచ్చి నేను సుఖంగా ఉండలేను. నువ్వు ఏమీ అనుకోవు, నాకు తెలుసు. అది నా లోపలిది.

ఇక్కడ నాకు బాగానే జరుగుతోంది. సర్వేశ్వరరావు కోడలు అన్నం పంపిస్తుంది. సాయంత్రం సముద్రం ఒడ్డుదాకా వెళ్ళి వస్తాను. ఎవరితోనూ పెద్దగా మాటలుండవు. నీ ఉత్తరం వచ్చిన రోజు మాత్రం వేరు.

వానలు తగ్గాక ఇంకోసారి అడుగు. కాదని చెప్పడానికి ఈసారి ఇంత రాశాను. అప్పటికి ఇంత రాయడం నా వల్ల కాకపోవచ్చు.

అన్నయ్య


గరికబంద,
17 అక్టోబరు

అన్నయ్యా,

నాలుగు నెలలుగా నావి పెద్ద ఉత్తరాలు, నీవి రెండేసి వాక్యాల కార్డులు. చివరి కార్డులో అక్షరాలు కూడబలుక్కుని చదివాను. ఫరవాలేదు, చదవగలుగుతున్నాను.

ఇక్కడ అరవై మంది అన్నాను కదా, అరవై నాలుగు. గొంతు పోతోంది. తుపాకీ బడికి తెచ్చాను. వరసలో నించోబెట్టి రోజుకి పదిమంది చొప్పున కాల్పించాను. మొహాలకి గురిపెట్టకూడదు, తూటా లేకుండా నొక్కకూడదు అని నీ మాటలే రోజూ చెప్పాను. పదిహేను రోజులు బాగా నడిచింది. రెండు తూటాలు గెడ్డలో కొట్టుకుపోయాయి, ఒకదాన్ని మేక నమిలేసింది. నాలుగోది ఎవరు పట్టుకుపోయారో ఎవరూ చెప్పరు. తుపాకీ ఒక్కటే ఖాళీగా బీరువా మీద ఉంది. పోతే పోయింది. ఇప్పుడు నాకు దాంతో పొద్దు పుచ్చుకోవలసిన పని లేదు. పొద్దు చాలడం లేదు. సాయంత్రం అయిదు దాటాక మాత్రం ఇక్కడా పనసగరువులాగే ఉంటుంది. ఏం చేసినా ఆ రెండు గంటలు గడవవు.

వానలు తగ్గాయి. కాఫీ పండు రంగు తిరుగుతోంది. అడగమన్నావు గనక అడుగుతున్నాను.

అమ్మ కూర్చోవలసిన చోటు అన్నావు. ఆ మాట నాలుగు నెలలు ఆలోచించాను. అమ్మ ఈ ఇల్లు చూడలేదు, నేనూ జూన్‌కి ముందు చూడలేదు. ఇక్కడ ఏ చోటూ ఇంకా ఎవరిదీ కాలేదు. రెండో గదిలో కిటికీ పక్కన మంచం వేయించాను. గడపలు లేవు, సిమెంటు నేల. నువ్వు బాధపడాలనుకుంటే ఇక్కడ కూర్చుని కూడా బాధపడవచ్చు, నేను అడ్డు రాను. నా కోపం కూడా పూర్తిగా పోలేదు. అప్పుడప్పుడు అరుస్తాను. ఇద్దరం చెరొక ఊళ్ళో కూర్చుని ఇదే పని చెయ్యడం ఎందుకనిపిస్తోంది, అంతే.

రానంటే ఒక్క ముక్క రాయించు, సర్వేశ్వరరావు గారిచేత. వస్తే రాయనక్కర్లేదు. బస్సు ఇక్కడికి బుధవారం సాయంత్రం అయిదింటికి వస్తుంది. నేను అక్కడే ఉంటాను. ప్రతి బుధవారం ఉంటాను. ఎలాగూ సంత రోజే.

సుజానా